పాత ట్రాక్టరుకు పూచీ ఎవరిది?

నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారంటే బాన్సువాడ, బీర్కూర్, నస్రుల్లాబాద్, వర్ని, కోటగిరి మండలాల్లో ట్రాక్టరుకు తీరిక ఉండదు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు ఈ నేలను వరి మాగాణిగా మార్చింది. వరి అంటే దమ్ము. దమ్ము అంటే కేజ్ వీల్స్ తగిలించుకుని బురదలో గంటల తరబడి నడిచే ఇంజిన్. ఆ రోజుల్లో బండి ఆగితే పోయేది మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు. నారు ముదిరిపోతుంది, కిరాయికి ఒప్పుకున్న పొలాలు మరో బండికి పోతాయి, ఆరు నెలలకోసారి కట్టే కిస్తీ మాత్రం ఆగదు. కొత్త ట్రాక్టరు ధర అందుకోలేని చిన్న రైతు, కిరాయిల మీద బతికే యువకుడు పాత బండ్ల షెడ్డు వైపు నడవడం అందుకే. అక్కడ కొన్న బండి నెల తిరక్కుండా మొరాయిస్తే వ్యాపారి నోట వచ్చే మాట దాదాపు ప్రతిచోటా ఒకటే: ‘పాత బండికి గ్యారంటీ ఏముంటది? చూసుకునే తీస్కపోయినవ్ గదా!’ ఆ మాటకు జవాబు లేదనుకుని చాలామంది వెనుదిరుగుతారు. జవాబుంది. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం చట్టం ముందు నిలవదు.

నిజమైన సగం ముందు ఒప్పుకుందాం. పదేళ్లు నడిచిన బండిలో క్లచ్ ప్లేటు అరిగి ఉంటుంది, టైర్లు బోడిగా ఉంటాయి, స్టీరింగ్ కాస్త ఆడుతుంది, హైడ్రాలిక్ లిఫ్ట్ మెల్లగా లేస్తుంది. ఇవి వయసు తెచ్చిన అరుగుదల, ధర తగ్గింది కూడా వాటి వల్లే. వీటి కోసం వ్యాపారి మీదికి పోవడం న్యాయం కాదు, పోయినా గెలవరు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కూడా కొనేవాడే జాగ్రత్త పడాలన్న సూత్రంతోనే మొదలుపెడుతుంది. అయితే అదే చట్టం 16వ సెక్షన్‌లో ఆ సూత్రానికి గట్టి మినహాయింపులు పెట్టింది. ఆ రకం సరుకు అమ్మడమే వృత్తిగా పెట్టుకున్న వాడి దగ్గర, ఫలానా పనికి కావాలని చెప్పి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు ఆ పనికి సరిపోవాలన్న షరతు రాయకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే. కొనేవాడు సరుకును పరీక్షించి చూసుకున్నప్పుడు, ఆ పరీక్షలో బయటపడి తీరాల్సిన లోపాల విషయంలో మాత్రమే అమ్మినవాడు తప్పించుకోగలడు. ‘చూసుకునే తీసుకున్నావు’ అనే మాటకు ఉన్న హద్దు అంతవరకే. కంటికి కనిపించేది చూసుకోవాల్సిన బాధ్యత కొన్నవాడిది. గేరుబాక్సు విప్పితే తప్ప తెలియనిదాన్ని షెడ్డులో నిలబడి చూసుకోమనడం కుదరదు.

అరుగుదల వేరు, దాపరికం వేరు. పాత బండి తగాదాలన్నీ చివరికి ఈ తేడా దగ్గరికే వస్తాయి. దమ్ములో పనిచేసిన ట్రాక్టరును ఉదాహరణగా తీసుకుందాం. ఇరుసుల దగ్గరి ఆయిల్ సీళ్లు దెబ్బతింటే బురద నీరు లోపలికి పోయి గేరు ఆయిల్‌తో కలుస్తుంది. గేజి కడ్డీ తీసి చూస్తే నూనె పాలలా తెల్లగా, నురగగా కనిపిస్తుంది. గేర్లకూ బేరింగులకూ చావు మొదలైందనడానికి అదే గుర్తు. ఆ నూనె వంచేసి కొత్తది పోస్తే బేరం రోజున కడ్డీ మీద తళతళలాడే నూనే కనిపిస్తుంది. బండి మళ్లీ నాలుగు మళ్లు దున్నాక తెల్లదనం తిరిగి వస్తుంది. ఇంజిన్ బోరుకు వచ్చిందనుకోండి, చిక్కటి నూనె పోస్తే పొగ, చప్పుడు కొంతకాలం అణిగి ఉంటాయి. ఎన్ని గంటలు నడిచిందో చెప్పే అవర్ మీటరును మార్చేస్తే ఏడు వేల గంటల బండి రెండు వేల గంటల బండి అయిపోతుంది. వీటిలో ఏదీ కాలం చేసిన పని కాదు, మనిషి కావాలని చేసినవి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ తెలిసిన నిజాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడాన్ని మోసం అంటుంది. అలా పుట్టిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 19వ సెక్షన్ ఇస్తుంది. ‘ఉన్నది ఉన్నట్టు అమ్మితిమి’ అని కాగితం మీద రాయించుకున్నంత మాత్రాన మోసానికి కవచం దొరకదు. ఉన్నది ఉన్నట్టు చూపించినప్పుడే ఆ మాటకు విలువ.

‘చవగ్గా ఇచ్చాం, ఆ చవకలోనే నష్టభయం కలిసి ఉంది’ అన్నది వ్యాపారుల మొదటి వాదన. తీసిపారేయదగ్గది కాదు. కానీ నష్టభయానికి ధర కట్టాలంటే ఆ భయం ఎంతో ఇద్దరికీ తెలిసి ఉండాలి. రెండు వేల గంటల బండి అని నమ్మి ఇచ్చిన ధరలో ఏడు వేల గంటల బండి నష్టం ఎలా కలుస్తుంది? ‘నాకూ తెలియదు, ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చిన బండి, వచ్చినట్టే అమ్మాను’ అన్నది రెండో వాదన. ఇది కొన్నిసార్లు నిజమే కావచ్చు, అప్పుడు మోసం అనే ఆరోపణ నిలవదు. అయినా బాధ్యత పూర్తిగా పోదు. వినియోగదారుల చట్టంలో లోపం అనే మాటకు అమ్మినవాడికి తెలిసి ఉండాలన్న షరతు లేదు. సరుకు గురించి వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యతకు అది తగ్గి ఉంటే అది లోపమే. రోజూ పది బండ్లు విప్పించి బిగించే వాడికీ, జీవితంలో ఒకటో రెండో బండ్లు కొనే రైతుకూ మధ్య తెలివిడిలో ఉన్న తేడాను చట్టం గుర్తించింది. బండి సంగతి నిజంగానే తెలియనప్పుడు ‘ఇంజిన్ బంగారం’ అని హామీ ఇవ్వకుండా ఉండటం వ్యాపారి చేతిలోని పనే.

వ్యాపారి తరఫు వకీలు పట్టుకునే అసలు పట్టు మరొకటి ఉంటుంది: ట్రాక్టరు వ్యాపార వస్తువు, కిరాయికి తిప్పి సంపాదించుకునేవాడు వినియోగదారుడు కాడు, కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు ఈ కేసుతో పని లేదు అని. ఇక్కడ తడబడితే కేసు గడప దగ్గరే ఆగిపోతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని నిజంగానే మినహాయించింది. కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు సంపాదించుకోవడానికి మాత్రమే కొని వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కాదని అదే నిర్వచనం కింద వివరణ ఇచ్చింది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను స్పష్టంగా గీసింది. తాను నడుపుకోవడానికి టాక్సీ కొన్నవాడు వినియోగదారుడు, పనిలో ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఆ హోదా పోదు. మన ప్రాంతానికి మరింత దగ్గరి తీర్పు 2012లో వచ్చింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకూ మధ్య నడిచిన మధుసూదన్ రెడ్డి కేసు అది. పండించింది అమ్ముకున్నా సరే, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు చెప్పింది. వాణిజ్య ప్రయోజనానికే కొన్నాడని నిరూపించాల్సిన భారం ఆ మాట అన్న అవతలి పక్షానిదేనని 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో తేల్చింది. అయితే ఈ రక్షణకు హద్దు ఉంది. నాలుగైదు వరికోత యంత్రాలు కొని, డ్రైవర్లను పెట్టి, జిల్లాలు దాటించి తిప్పే యజమాని ఈ వివరణ కింద ఇమడటం కష్టం. అతని దారి సివిల్ కోర్టు. ఒక్క బండితో తన పొలం దున్నుకుని, ఊళ్లో కిరాయిలు చేసుకునేవాడు మాత్రం ఫిర్యాదులోనే ఆ సంగతి నాలుగు వాక్యాల్లో రాసి, పట్టాదారు పాసుపుస్తకం నకలు జతచేస్తే మొదటి గడప దాటినట్టే.

ఇంజిన్ కంటే ఎక్కువ తగాదాలు తెచ్చేది కాగితం. బాన్సువాడకు ఒక పక్క మహారాష్ట్ర, మరో పక్క కర్ణాటక సరిహద్దు దూరమేమీ కాదు. మద్నూర్ దాటితే దెగ్లూర్, నాందేడ్. జుక్కల్ వైపు పోతే బీదర్ జిల్లా. పక్క రాష్ట్రం నంబరున్న బండి చవగ్గా దొరికినప్పుడు ముందు అడగాల్సింది అక్కడి రవాణా అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28. అప్పు మీద కొన్న బండైతే ఫైనాన్స్ కంపెనీ బాకీ తీరిందని సంతకం చేసిన ఫారం 35 కావాలి. యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30. మన దగ్గర జరుగుతున్నదేమిటంటే, పాత యజమాని ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బండి షెడ్డులో వదిలి వెళతాడు. ఆ ఫారాలు వ్యాపారి సొరుగులో ఉంటాయి. బండి ఇద్దరు ముగ్గురి చేతులు మారినా ఆర్‌సీ మీద పేరు మారదు. ఇది పాత యజమాని మెడకూ ఉరే. రిజిస్టరులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కొన్నవాడికైతే బండి ఇంట్లో ఉన్నా తనదని చెప్పుకోలేని స్థితి. కాగితాలు ఇవ్వకపోవడం చిన్న లోపం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని సుల్తాన్‌పూర్‌లో అధికారులు వేసిన వేలంలో లారీ కొన్న వ్యక్తికి కాగితాలు అందకపోతే, బతుకుదెరువుకు కొన్నాడు కాబట్టి అతను వినియోగదారుడేనని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాడుకున్నది ప్రభుత్వం దగ్గరైనా ఆ హక్కు పోలేదు.

ఈ ఖాళీ సంతకాల వ్యవహారానికి అడ్డుకట్ట వేయడానికే కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో 55ఎ నుంచి కొత్త అంశాలు చేర్చి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. రిజిస్టరైన పాత వాహనాలు కొని అమ్మే వ్యాపారి రవాణాశాఖ నుంచి ఐదేళ్ల అధికార పత్రం తీసుకోవాలి. యజమాని బండిని అతనికి అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా ఆ సంగతి అధికారులకు తెలపాలి. ఆ క్షణం నుంచి మళ్లీ అమ్ముడయ్యే దాకా ఆ బండికి యజమానిగా వ్యాపారినే లెక్కిస్తారు. తగాదాలో దీని విలువ అంతా ఇంతా కాదు. ‘నేను మధ్యవర్తిని మాత్రమే, నీకు అమ్మింది ఫలానా ఊరి రైతు’ అని వ్యాపారి చేతులు దులుపుకునే వీలు అప్పుడు ఉండదు. అందుకే బేరానికి కూర్చునే ముందు అధికార పత్రం చూపించమని అడగడం అనుమానం అనిపించుకోదు. అది కొనేవాడి హక్కు.

ఇక బండి ఆగిన రోజు. కేసులు గెలిచేదీ ఓడేదీ ఆ తర్వాతి రెండు మూడు రోజుల్లోనే. దమ్ము మధ్యలో ఆగింది కాబట్టి రైతు తక్షణం తెలిసిన మెకానిక్‌ను పిలిపిస్తాడు, ఇంజిన్ విప్పిస్తాడు, పాత సామాన్లు తుక్కులో వేయిస్తాడు, అప్పుచేసి బాగు చేయించుకుని, ఆ బిల్లు పట్టుకుని వ్యాపారి దగ్గరికి పోతాడు. అప్పటికి సాక్ష్యం ఏమీ మిగలదు. లోపం ముందే ఉందా, కేజ్ వీల్స్ వేసి మొరటుగా నడిపినందువల్ల వచ్చిందా అని వ్యాపారి అడిగితే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. చేయాల్సింది వేరు. బండిని ఉన్నచోటే ఆపి, అవర్ మీటరు అంకె, తెల్లబడిన నూనె, ఛాసిస్ నంబరు కనిపించేలా ఫోన్‌లో వీడియో తీసుకోవాలి. అదే రోజు వ్యాపారికి వాట్సాప్‌లో, మరునాడు స్పీడ్ పోస్టులో లోపమేమిటో రాసి పంపి, వచ్చి చూసుకోమని గడువు పెట్టాలి. అతను రాకపోతే అతనితో సంబంధం లేని అర్హత ఉన్న మెకానిక్ ముందు విప్పించి, ఏ భాగం ఎంతకాలంగా అరిగి ఉందో రాతపూర్వకంగా తీసుకోవాలి. విప్పిన బేరింగు, పిస్టను, లైనరు గోనెసంచిలో కట్టి ఉంచాలి. తుక్కువాడికి ఇచ్చిన సామానుతో పాటు కేసు కూడా వెళ్లిపోతుంది. మీటరు మార్చారన్న అనుమానం ఉంటే అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఆ కంపెనీ షోరూమ్‌లో దొరికే అవకాశం ఉంది. అక్కడ సర్వీసు చేయించిన బండి అయితే ఛాసిస్ నంబరు కింద ఏ తేదీన ఎన్ని గంటలు నమోదయ్యాయో రికార్డు ఉంటుంది. మూడేళ్ల కిందటే నాలుగు వేల గంటలు నమోదైన బండి ఈరోజు రెండు వేల గంటలు చూపిస్తుంటే వాదించడానికి వ్యాపారికి ఏమీ మిగలదు.

దీనికి వచ్చే అభ్యంతరం న్యాయమైనదే: అదను దాటిపోతుంటే వీడియోలు, నోటీసులు పెట్టుకుని ఎవడు కూర్చుంటాడు? ఎవరినీ పొలం ఎండబెట్టుకోమని చట్టం అనదు. వేరే బండి కిరాయికి తెచ్చుకుని పని గడుపుకుని, ఆ రసీదులు దాచుకుంటే అది కూడా నష్టపరిహారంలో అడగవచ్చు. మధుసూదన్ రెడ్డి కేసులో విత్తన కంపెనీ, నమూనాను ప్రయోగశాలకు పంపించలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదని వాదించింది. ఉన్న విత్తనమంతా పొలంలో చల్లిన రైతు నమూనా ఎక్కడి నుంచి తెస్తాడని సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది, పొలం చూసినవారి నివేదికలను సాక్ష్యంగా ఒప్పుకుంది. రైతుకు సాధ్యం కానిది అడగకూడదన్న వివేకం ఆ తీర్పులో ఉంది. బండి విషయంలోనూ అదే వివేకాన్ని కోరవచ్చు. అయితే విత్తనం మట్టిలో కలిసిపోతుంది, అరిగిన బేరింగు కలిసిపోదు. దాన్ని దాచి ఉంచడం సాధ్యమైన పనే కాబట్టి దాచలేదంటే కమిషన్ ఎందుకని అడుగుతుంది.

చాలా తగాదాలు పెద్దమనుషుల దగ్గరే తేలతాయి, తేలాలి కూడా. వ్యాపారి ఊరివాడే, రేపు రోటవేటరు కావాలన్నా అతని షెడ్డుకే పోవాలి. సగం ఖర్చు అతను పెట్టుకోవడం, బండి వెనక్కి తీసుకుని మరొకటి ఇవ్వడం, గేరుబాక్సు పని అతనే చేయించి ఇవ్వడం వంటి రాజీలు ఇద్దరికీ మేలే. నా అభ్యంతరం రాజీ మీద కాదు, నోటి రాజీ మీద. ‘పంట చేతికొచ్చినంక చూద్దాం’ అన్న మాటను నమ్ముకుని రెండు సీజన్లు గడిపేస్తే, ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన రెండేళ్ల గడువు కరిగిపోతుంది. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టి, తేదీ వేసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి. అంతకంటే మంచిది లోక్ అదాలత్. కేసు వేయకముందే న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇచ్చి అవతలి పక్షాన్ని పిలిపించవచ్చు. 1987 చట్టం ప్రకారం అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు కూడా ఉండదు. పెద్దమనుషుల తీర్మానానికి ఆ బలం లేదు.

రాజీ కుదరకపోతే నిజామాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు ఏమిటంటే వ్యాపారి ఎక్కడివాడైనా, ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. నాందేడ్‌లో కొన్న బండి మీద నాందేడ్‌లోనే కొట్లాడాల్సిన పని లేదు. చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల లోపైతే ఫీజే లేదు, 10 లక్షల లోపైతే 200 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. విచారణ ప్రమాణ పత్రాలు, కాగితాల మీదే సాగుతుంది, వీడియోలో హాజరు కావడానికి అనుమతి కోరవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ముందుగా రాజీకి ప్రయత్నిస్తుంది. రైతులు వాడుకోని ఆయుధాలు ఈ చట్టంలో రెండున్నాయి. బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయనప్పుడు లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమూ అదే కోవలోకి వస్తుంది. చిట్టీ మీద లెక్క రాసి పంపించిన వ్యాపారి, బిల్లే లేదు కదా అని ధీమాగా ఉంటాడు. నిజానికి ఆ లేమి అతని తప్పు.

కమిషన్లలో జాప్యం ఉందన్నది కాదనలేను. పరీక్ష అవసరం లేని ఫిర్యాదును మూడు నెలల్లో, అవసరమైనదాన్ని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అయినా గట్టి కాగితాలున్న ఫిర్యాదు నోటీసు అందిన తర్వాత వ్యాపారి లెక్క మారుతుంది. ఆదేశాన్ని పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జాప్యం భయం పోవాలంటే ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి జిల్లాలో ఒక కమిషన్ ఏర్పాటు చేయాలని చట్టంలోనే ఉంది. బాన్సువాడ ఉన్న కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లా అయింది, ఆ నియమం దానికీ వర్తిస్తుంది.

తొందరలో చాలామంది వేసే తప్పటడుగులు రెండు. ఒకటి, ప్రతి తగాదాకూ పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తడం. ఛాసిస్ నంబరు చెరిపి కొట్టారన్నా, బండి దొంగదన్నా పోలీసులే దిక్కు. గేరుబాక్సు పోయిందంటే మాత్రం అది సివిల్ తగాదా అని తిప్పి పంపుతారు, ఈలోపు రోజులు పోతాయి. రెండోది, బండి పాడైంది కదా అని కిస్తీ ఆపడం. అప్పు ఇచ్చిన కంపెనీతో ఒప్పందం వేరు, వ్యాపారితో ఒప్పందం వేరు. కిస్తీ ఆగితే ముఖ్య సాక్ష్యమైన బండినే వాళ్లు తీసుకుపోయే ప్రమాదం ఉంది. కిస్తీ కడుతూనే, వడ్డీతో సహా ఆ మొత్తాన్ని నష్టం కింద అడగడం మేలు.

మన చట్టంలో ఇంకా లోటేమిటో బయటి దేశాలతో పోలిస్తే తెలుస్తుంది. బ్రిటన్‌లో 2015 నాటి చట్టం ప్రకారం వ్యాపారి అమ్మిన సరుకు పాతదైనా దాని వయసుకు, ధరకు తగ్గ నాణ్యత ఉండి తీరాలి. లేకుంటే మొదటి 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు, ఆరు నెలల్లోపు బయటపడిన లోపం అమ్మిననాడే ఉందని భావిస్తారు. ఆ రక్షణ వ్యాపారం కోసం కొన్నవారికి వర్తించదు. స్వయం ఉపాధి రైతును లోపలికి తీసుకున్న మన చట్టం ఆ విషయంలో మెరుగు. మనకు లేనిది నిరూపణ భారాన్ని మార్చే ఆ ఆరు నెలల సూత్రం. అమెరికాలో పాత కార్లు అమ్మే డీలరు గ్యారంటీ ఉందో లేదో తెలిపే కాగితాన్ని బండి అద్దానికి అంటించాలన్న నియమం 1980ల నుంచీ ఉంది. ట్రాక్టరుకు అలాంటి ఒక్క పేజీ పత్రం పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు: ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, అమ్మిన రోజు అవర్ మీటరు అంకె, మీటరు మార్చారా లేదా, ఇంజిన్ బోరు పని ఎప్పుడు జరిగింది, గేరు ఆయిల్ ఎప్పుడు మార్చారు, అప్పు ఉందా లేదా, కింద వ్యాపారి సంతకం. అధికార పత్రం ఇచ్చేటప్పుడే ఈ పత్రాన్ని షరతుగా పెట్టి, అధికారం పొందిన వ్యాపారుల జాబితాను రవాణా కార్యాలయంలోనూ మండల వ్యవసాయాధికారి కార్యాలయం గోడ మీదా అతికించాలని రవాణాశాఖను అడగాలి. వానాకాలం నాట్లకు ముందే, బండ్ల బేరాలు జోరందుకోకముందే ఆ జాబితా గోడ మీదికి రావాలి.